కోబ్ పోయి గిబ్సన్ వచ్చాడు: బేస్‌బాల్ క్విజ్ జవాబులు ఎందుకు మారాయి?

క్లుప్తంగా: అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 2024 మేలో నల్లజాతి ఆటగాళ్ల పాత లీగుల గణాంకాలను తన అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో అభిమానులు తరాలుగా కంఠతా పట్టిన జవాబులు కొన్ని తారుమారయ్యాయి. మైదానంలో జరిగిన ఆట అదే. ఏ ఆటను లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయమే మారింది. ఇలాంటి నిర్ణయాలు బేస్‌బాల్‌కు కొత్త కాదు. మైదానం కంటే కాగితం మీద ఎక్కువగా ఆధారపడే ఆట అది.

బేస్‌బాల్ చరిత్రలో అత్యధిక కెరీర్ బ్యాటింగ్ సగటు ఎవరిది? ఈ ప్రశ్నకు అమెరికాలో ఎన్నో దశాబ్దాలు జవాబు ఒక్కటే: టై కోబ్, 0.367. డెట్రాయిట్ టైగర్స్ తరఫున పేరు తెచ్చుకుని 1928లో రిటైరైన కోబ్ ఆటను కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. అయినా ఆ అంకె మాత్రం తాతల నుంచి మనవళ్ల దాకా చేరింది. 2024 మే 29న అధికారిక జాబితాలో ఆ స్థానంలోకి నల్లజాతి లీగుల్లో ఆడిన జాష్ గిబ్సన్ వచ్చాడు. సగటు 0.372. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వని ఆటగాడు మేజర్ లీగ్ రికార్డులకు అధిపతి ఎలా అయ్యాడన్నది చాలామందికి అర్థంకాని విషయం.

ఆ రోజు ఏం మారింది

1947కు ముందు ఆరు దశాబ్దాలకు పైగా మేజర్ లీగ్ జట్లు నల్లజాతి ఆటగాళ్లను తీసుకోలేదు. దీనికి రాతపూర్వకమైన నిబంధన ఏదీ లేదు. యజమానుల మధ్య మాట మీద నడిచిన నిషేధం అది. తలుపులు మూసుకుపోయిన చోట నల్లజాతి వారు సొంతంగా జట్లు కట్టుకున్నారు. 1920లో కాన్సస్ సిటీలో రూబ్ ఫోస్టర్ నాయకత్వంలో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. నేడు వాడకంలో లేని 'నీగ్రో' అనే పదం చరిత్రలో మాత్రం అలాగే నిలిచిపోయింది. వాటన్నిటినీ కలిపి ఇప్పటికీ నీగ్రో లీగులనే అంటారు.

2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ సంస్థ 1920-48 మధ్య నడిచిన ఇలాంటి ఏడు లీగులకు మేజర్ హోదా ఇస్తున్నట్టు ప్రకటించింది. హోదా ఇచ్చాక లెక్కలు కలపాలి. సంస్థ అధికారిక చరిత్రకారుడు జాన్ థోర్న్ అధ్యక్షతన కమిటీ పనిచేసి, 2024లో 2,300 మందికి పైగా ఆటగాళ్ల గణాంకాలను చేర్చింది.

ఫలితం ఒక్క సగటు దగ్గరే ఆగలేదు. ఒక సీజన్‌లో అత్యధిక సగటు రికార్డు 1894లో హ్యూ డఫీ సాధించిన 0.440గా ఉండేది. ఇప్పుడది 1943లో గిబ్సన్ సాధించిన 0.466. కొట్టిన దెబ్బల బలాన్ని కొలిచే స్లగ్గింగ్ లెక్కలో బేబ్ రూత్ 0.690తో రెండో స్థానానికి జరిగాడు. గిబ్సన్‌ది 0.718. విల్లీ మేస్ 17 ఏళ్ల వయసులో, 1948లో, బర్మింగ్‌హామ్ బ్లాక్ బ్యారన్స్‌కు ఆడినప్పటి 10 హిట్లు కలిసి అతని మొత్తం 3,293కు చేరింది. మేస్ ఆ మార్పు చూశాడు. మూడు వారాలు తిరగకుండానే, 2024 జూన్ 18న, కన్నుమూశాడు.

క్రికెట్ నుంచి వచ్చిన లెక్క

క్రికెట్‌కు అలవాటుపడ్డ పాఠకులకు ఈ దశాంశాల సగటు కాస్త తికమకగా ఉంటుంది. బ్యాట్స్‌మన్‌కు వచ్చిన అవకాశాల్లో ఎన్నిటిని హిట్‌గా మలిచాడన్నదే ఇక్కడ లెక్క. బంతిని కొట్టి, మైదానంలో గుర్తుపెట్టిన స్థానమైన బేస్‌కు సురక్షితంగా చేరితే హిట్. వెయ్యి అవకాశాల్లో 300 హిట్లు కొడితే సగటు 0.300. అంతమాత్రం ఉన్నా మంచి బ్యాట్స్‌మనే. అంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాడు కూడా స్టారే. 0.400 దాటడం దాదాపు అసాధ్యం.

ఈ లెక్కల సంప్రదాయానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరి, మొదట క్రికెట్ వార్తలు రాసిన పాత్రికేయుడు. క్రికెట్ స్కోరుబోర్డు పద్ధతినే బేస్‌బాల్‌కు మార్చి, ప్రతి ఆటగాడి పనినీ ఒక చిన్న పట్టికలో ఇమిడ్చాడు. బాక్స్ స్కోర్ అనే ఆ పట్టిక మరుసటి రోజు పేపర్లో వచ్చేది. మ్యాచ్ చూడనివాడు కూడా దాన్ని చదివి ఆటను ఊహించుకోగలిగేవాడు. టీవీ రాకముందే బేస్‌బాల్‌కు దేశమంతటా అభిమానులు ఏర్పడటంలో దీనికి పెద్ద పాత్రే ఉంది. బంతి విసిరే పిచర్‌కూ బ్యాట్స్‌మన్‌కూ మధ్య విడివిడి పోటీలుగా సాగే ఆట కాబట్టి ప్రతి సంఘటననూ ఒక పేరు కింద జమ చేయవచ్చు. ఫుట్‌బాల్ లాంటి ఆటలో ఇది అంత తేలిక కాదు. బేస్‌బాల్‌లో ఇంత ట్రివియా పుట్టడానికి మూలం ఇక్కడుంది.

కానీ బాక్స్ స్కోర్ రాసేవాడు లేకపోతే? అప్పుడు ఆట జరిగినా జరగనట్టే.

కాగితమెక్కని ఆటలు

నీగ్రో లీగుల కథలో అసలు చిక్కు ఇదే. ఆ జట్లలో చాలావాటికి సొంత మైదానాలు లేవు. తెల్లవారి జట్లు ఊళ్లో లేని రోజుల్లో స్టేడియాలు అద్దెకు తీసుకునేవారు. గిబ్సన్ ఆడిన హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు 1940లలో పిట్స్‌బర్గ్‌తో పాటు వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలోనూ తన మ్యాచ్‌లు ఆడింది. లీగ్ మ్యాచ్‌ల రాబడి జీతాలకు సరిపోయేది కాదు. అందుకని బస్సుల్లో ఊరూరా తిరిగి స్థానిక జట్లతో, ఒక్కోసారి తెల్లవారి స్టార్ జట్లతో ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడేవారు. ఏడాదికి వందకు పైగా మ్యాచ్‌లు ఆడినా వాటిలో లీగ్ లెక్కకు వచ్చేవి సుమారు అరవై మాత్రమే.

వార్తల సంగతి మరో తలనొప్పి. పెద్ద దినపత్రికలు ఈ మ్యాచ్‌లను దాదాపు పట్టించుకోలేదు. పట్టించుకున్న పిట్స్‌బర్గ్ కూరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలు అప్పట్లో వారపత్రికలు. వారానికి ఒకసారి, ఉన్న కాస్త చోటులో ఇచ్చిన స్కోరులో ఒకచోట హిట్లుంటే అవకాశాల సంఖ్య ఉండదు. ఇంకోచోట ఇంటిపేరు తప్ప మరేమీ ఉండదు. గ్యారీ ఆష్‌విల్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి మైక్రోఫిల్ములు తిరగేసి, ఒక్కో మ్యాచ్‌నూ పోగేసి సీమ్‌హెడ్స్ డేటాబేస్‌ను నిర్మించారు. 2024 నాటి కలయికకు ప్రధాన ఆధారం ఆ శ్రమే. అంత చేసినా 1920-48 లీగ్ మ్యాచ్‌ల వివరాల్లో సుమారు నాలుగింట మూడు వంతులే దొరికాయని కమిటీ అంచనా.

కాగితం లేనిచోట కథలు పుట్టాయి. కూల్ పాపా బెల్ ఎంత వేగంగా పరుగెత్తేవాడంటే, స్విచ్ ఆపి గది చీకటయ్యేలోపే మంచమెక్కి దుప్పటి కప్పుకునేవాడని నీగ్రో లీగుల పిచర్ శాచెల్ పేజ్ చెప్పేవాడు. గిబ్సన్ కొట్టిన బంతి న్యూయార్క్ యాంకీ స్టేడియం దాటి బయట పడిందంటారు. దీనికి నిలబడే సాక్ష్యం లేదు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ 1972లో గిబ్సన్‌ను చేర్చుకుని, అతని ఫలకంపై అన్ని రకాల ఆటల్లో కలిపి దాదాపు 800 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బలు) అని రాసింది. అధికారిక లెక్కలోకి వచ్చిన హోమ్ రన్లు 200 కూడా లేవు. ఒకటి ఎగ్జిబిషన్ మ్యాచ్‌లనూ జ్ఞాపకాలనూ కలుపుకున్న అంకె, రెండోది పేపర్లో దొరికిన లీగ్ మ్యాచ్‌ల అంకె. రెండూ అబద్ధాలు కావు, కానీ కొలిచింది ఒకటే వస్తువు కాదు.

కోబ్ లెక్కలూ చెక్కుచెదరనివి కావు

కొత్త గణాంకాలు అసంపూర్ణం, పాతవి పక్కా అన్న వాదన గట్టిగా వినిపించింది. పాతవి ఎంత పక్కానో కోబ్ ఉదాహరణే చెబుతుంది.

1910లో మేజర్ లీగ్‌లో అత్యధిక సగటు సాధించినవాడికి చామర్స్ కంపెనీ కారు బహుమతి ప్రకటించింది. పోటీ కోబ్‌కు, క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజొవేకు మధ్య. తోటి ఆటగాళ్లలో కోబ్ అంటే ఇష్టపడేవాళ్లు తక్కువ. చివరి రోజు ప్రత్యర్థి జట్టు సెయింట్ లూయిస్ మేనేజర్ జాక్ ఓకానర్, లాజొవేకు సులువుగా హిట్లు దొరికేలా, తన థర్డ్ బేస్‌మన్‌ను (మూడో బేస్ దగ్గరి ఫీల్డర్‌ను) బాగా వెనక్కి నిలబెట్టాడు. లాజొవే బంతిని మెల్లగా తట్టి పరుగెత్తడమే పనిగా పెట్టుకుని, రెండు మ్యాచుల్లో 8 హిట్లు తీశాడు. గొడవైంది, ఓకానర్ ఉద్యోగం ఊడింది. మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ అధ్యక్షుడు చివరికి కోబ్‌నే విజేతగా ప్రకటించాడు. కంపెనీ మాత్రం ఇద్దరికీ కార్లిచ్చి చేతులు దులుపుకుంది.

అసలు విషయం 1981లో బయటపడింది. ఆ సీజన్‌లో కోబ్ ఆడిన ఒక మ్యాచ్‌ను రికార్డుల్లో రెండుసార్లు ఎక్కించారు. దాన్ని సరిచేస్తే 1910 టైటిల్ లాజొవేది. కోబ్ మొత్తం హిట్లు 4,191 కాదు, 4,189. ఆధారాలు చూపించినా అప్పటి కమిషనర్ బౌవీ క్యూన్ మార్పుకు ఒప్పుకోలేదు.

ఈ రెండు హిట్ల తేడా నాలుగేళ్ల తర్వాత తమాషా పరిస్థితి తెచ్చింది. 1985 సెప్టెంబర్ 11న సిన్సినాటిలో పీట్ రోజ్ 4,192వ హిట్ కొట్టినప్పుడు ఆట ఆపి మరీ సంబరాలు చేశారు. ఆ తరం అభిమానులకు మరపురాని రాత్రి అది. కానీ కోబ్ లెక్క 4,189 అయితే రికార్డు మూడు రోజుల ముందే, సెప్టెంబర్ 8న షికాగోలో, 4,190వ హిట్‌తోనే బద్దలైంది. అప్పుడు అక్కడ కూర్చున్న ప్రేక్షకులకు తాము చూస్తున్నదేమిటో తెలియదు. లక్షలమంది జ్ఞాపకం ఒక ఊరికి, సవరించిన లెక్క మరో ఊరికి చెందాయి.

నియమాలు మార్చేసి అంకెలు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. 1887 సీజన్ ఒక్కదానికి, బ్యాట్స్‌మన్ హిట్ కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్లే వాక్‌ను కూడా హిట్‌గా లెక్కపెట్టారు. టిప్ ఓనీల్ ఆ ఏడాది 0.492 సాధించాడు. తర్వాతి కాలంలో వాక్‌లు తీసేయడంతో అది 0.435కు దిగింది. డఫీ 0.440 రికార్డుగా నిలవడానికి కారణం ఈ తీసివేతే. పైగా డఫీ విజృంభించిన 1894, పిచర్ నిలబడే దూరాన్ని 60 అడుగుల 6 అంగుళాలకు పెంచిన మరుసటి సంవత్సరం. కొత్త దూరానికి పిచర్లు ఇంకా అలవాటు పడలేదు, లీగంతటా సగటులు ఆకాశాన్నంటాయి. హ్యాక్ విల్సన్ 1930లో సాధించిన 190 ఆర్‌బీఐల (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగుల) రికార్డు కూడా దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత, 1999లో 191 అయింది. విల్సన్ అప్పటికి చనిపోయి యాభై ఏళ్లు దాటింది.

ఏ లీగులు మేజర్ అన్నది కూడా ఒక కమిటీ తీర్పే. 1968లో ఐదుగురు సభ్యుల ప్రత్యేక రికార్డుల కమిటీ ఆరు లీగులకు ఆ హోదా ఇచ్చింది. వాటిలో ఒకే ఒక్క సీజన్ నడిచి మూతపడ్డ యూనియన్ అసోసియేషన్ కూడా ఉంది. నీగ్రో లీగుల ప్రస్తావన మాత్రం చర్చకే రాలేదు. ఐదుగురూ తెల్లవారే. వీళ్లు ఆరోజు ఆ సంగతి కూడా పరిశీలించి ఉంటే 2024 నాటి గందరగోళం చాలావరకు ఉండేది కాదు.

అభిమానికి ఏది గుర్తుంటుంది

ఇన్ని సవరణలు జరుగుతున్నా అభిమాని మనసులో అంకెలు కదలకపోవడానికి కారణం ఉంది. పదేళ్ల నుంచి పాతికేళ్ల మధ్య మెదడులో నాటుకున్న విషయాలు ముసలితనంలోనూ గట్టిగా ఉంటాయని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. అమెరికా పిల్లలకు ఆ వయసులో చేతికందింది బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మల కార్డు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన కార్డుల వెనుక ఆటగాడి గత సీజన్ లెక్కలు, కెరీర్ లెక్కలు పట్టికగా ఉండేవి. స్నేహితులతో కార్డులు మార్చుకుంటూ ఆ పట్టికలను ఎక్కాల్లా వల్లెవేశారు. ఆ సెట్‌లోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

అయితే జ్ఞాపకం అంకెను అలాగే మోయదు, దానికి కథను జోడిస్తుంది. 1961లో రోజర్ మారిస్ 61 హోమ్ రన్లు కొట్టి, 1927 నాటి బేబ్ రూత్ రికార్డు 60ని దాటాడు. రూత్ కాలంలో సీజన్ 154 మ్యాచ్‌లు. మారిస్ ఆడిన ఏడాది అమెరికన్ లీగ్‌లో అది 162 అయింది. 154 మ్యాచ్‌లలోపు దాటకపోతే విడిగా గుర్తించాలని కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ అన్నాడు. ఫ్రిక్ ఒకప్పుడు రూత్‌కు పుస్తక రచనలో సాయపడ్డవాడు కావడం అనుమానాలకు తావిచ్చింది. మారిస్ పేరు పక్కన నక్షత్రం గుర్తు వేశారని ఈనాటికీ చాలామంది చెబుతారు. అలాంటి గుర్తు ఏ అధికారిక పుస్తకంలోనూ ఎప్పుడూ లేదు. రెండు రికార్డులను పక్కపక్కన విడిగా చూపారు, అంతే. 1991లో ఆ విభజననూ తీసేశారు. అప్పటికి మారిస్ మరణించి ఆరేళ్లు కావస్తోంది.

మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో, 1932లో, రూత్ వేలు చూపించి, సరిగ్గా అటువైపే హోమ్ రన్ కొట్టాడన్న కథా అలాంటిదే. అతను చెయ్యెత్తాడన్నది నిజం. మైదానం అంచును చూపాడా, ఎగతాళి చేస్తున్న షికాగో ఆటగాళ్ల వైపు ఊపాడా అన్నది తొంభై ఏళ్లయినా తేలలేదు. తేలాలని అభిమానులకు పెద్దగా ఉన్నట్టూ లేదు.

ట్రివియాలో దిగ్గజాల పేర్లకు పెద్ద విలువ ఉండదు. అందరికీ తెలిసిన పేరు ఎవరైనా చెబుతారు. మామూలు ఆటగాడి పేరు తీసినవాడిదే పైచేయి. 2023లో మొదలైన ఇమాక్యులేట్ గ్రిడ్ అనే ఆన్‌లైన్ ఆట సరిగ్గా ఈ బలహీనత మీదే నడుస్తుంది. తొమ్మిది గళ్లలో ప్రతిదానికీ రెండు షరతులకు సరిపోయే ఆటగాడిని చెప్పాలి. ఎంత తక్కువమంది చెప్పిన పేరైతే అంత మంచి స్కోరు. 14 జట్లకు ఆడి రికార్డు నెలకొల్పిన పిచర్ ఎడ్విన్ జాక్సన్ లాంటి వాళ్లు ఇలాంటి చోట కల్పవృక్షాలు. 2010లో ఒకే మ్యాచ్‌లో 8 మందికి వాక్‌లు ఇచ్చి, 149 బంతులు విసిరి, ఒక్క హిట్ కూడా ఇవ్వని ఘనత అతనిది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు రాని ఆటగాడు క్విజ్‌లో చిరంజీవి.

అభ్యంతరాల్లో పస ఎంత

2024 నిర్ణయంపై వచ్చిన విమర్శలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. చిన్న సీజన్ గురించి అన్న మాటలో బలం ఉంది. అరవై మ్యాచ్‌లలో 0.466 సాధించడం, 150కి పైగా మ్యాచ్‌లలో అదే సాధించడం ఒకటి కాదు. మ్యాచ్‌లు తక్కువైనకొద్దీ సగటులు పైకీ కిందకీ ఎక్కువగా ఊగుతాయి. కమిటీ చెప్పిన సమాధానం ఏమిటంటే, అర్హత నియమం అందరికీ ఒకటే: జట్టు ఆడిన ప్రతి మ్యాచ్‌కూ సగటున 3.1 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి ఉండాలి. కోవిడ్ వల్ల 2020 సీజన్‌ను 60 మ్యాచ్‌లకే కుదించినా ఆ ఏడాది రికార్డులను అధికారికంగానే లెక్కించారు. ఈ పోలిక నియమం వరకు సరిపోతుంది, గణితపరమైన సందేహాన్ని మాత్రం తీర్చదు. కెరీర్ సగటు విషయంలో అనుమానం కొంత తక్కువ. ఎందుకంటే గిబ్సన్ ఒక సీజన్ కాదు, దశాబ్దానికి పైగా అదే స్థాయిలో ఆడాడు.

ప్రత్యర్థుల స్థాయి తక్కువన్న వాదన అంత నిలవదు. కోబ్, రూత్‌లు కూడా దేశంలోని అత్యుత్తమ పిచర్లలో ఒక వర్గాన్ని లీగ్ మ్యాచ్‌లలో ఎన్నడూ ఎదుర్కోలేదు. శాచెల్ పేజ్‌కు మేజర్ లీగ్‌లో అవకాశం వచ్చింది 1948లో, 42 ఏళ్ల వయసులో. ఆ వయసులోనూ క్లీవ్‌లాండ్‌ను వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్లడంలో పాలుపంచుకున్నాడు. గిబ్సన్‌కు ఆ మాత్రం కూడా దక్కలేదు. 1947 జనవరిలో 35 ఏళ్లకే మరణించాడు. ఆ నిషేధాన్ని బద్దలుకొట్టిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున మైదానంలోకి దిగింది అదే ఏడాది ఏప్రిల్ 15న.

క్రికెట్‌లోనూ ఇదే పేచీ

ఏ మ్యాచ్‌ను లెక్కించాలన్న తగాదా తెలుగు పాఠకులకు తెలిసిన ఆటలోనూ ఉంది. 1970లో ఇంగ్లండ్, రెస్ట్ ఆఫ్ ద వరల్డ్ జట్ల మధ్య సిరీస్‌ను మొదట టెస్టులుగా చెప్పి, తర్వాత ఆ హోదా తీసేశారు. అందులో ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన గ్లామోర్గన్ బ్యాట్స్‌మన్ అలన్ జోన్స్ దాంతో టెస్టు ఆటగాడు కాకుండా పోయాడు. యాభై ఏళ్ల తర్వాత, 2020లో, ఇంగ్లండ్ బోర్డు అతనికి 696వ నంబరు టోపీ ఇచ్చి గౌరవించింది.

సి.కె. నాయుడు సంగతి ఇంకా దగ్గరిది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు కెప్టెన్ అయ్యాడు. అప్పటికే వయసు 36. రికార్డు పుస్తకం చూస్తే 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఇంత తక్కువ లెక్కతో అంత పేరెలా వచ్చిందని కొత్తతరం ఆశ్చర్యపోవచ్చు. 1926లో బొంబాయిలో పర్యటక ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో చేసిన 153 టెస్టు ఖాతాలో లేదు. భారత్‌కు టెస్టు హోదా రాకముందు అతని ఉత్తమ సంవత్సరాలు గడిచిపోయాయి. గిబ్సన్‌ను అడ్డుకుంది వర్ణవివక్ష, నాయుడి విషయంలో కారణం వేరు. అయినా రెండు చోట్లా రికార్డు పుస్తకం ఆటగాడి స్థాయిని కాదు, అతనికి దొరికిన వేదికను కొలిచింది.

ఇకముందు

అంకెలు మళ్లీ మారే అవకాశం ఎక్కువ. డిజిటల్ రూపంలోకి వస్తున్న పాత పత్రికల్లో కొత్త బాక్స్ స్కోర్లు దొరికినకొద్దీ లెక్క సవరిస్తారు. గిబ్సన్ 0.372 పెరగవచ్చు, తగ్గనూవచ్చు. కోబ్‌తో తేడా 0.005 మాత్రమే కాబట్టి మొదటి స్థానం కూడా శాశ్వతం అనలేం. క్విజ్‌లు నిర్వహించేవాళ్లు ప్రశ్నలోనే సంవత్సరాన్నో, లీగునో పేర్కొనక తప్పదు. "0.400 సాధించిన చివరి ఆటగాడు ఎవరు" అని ఊరికే అడిగితే 1941లో 0.406 సాధించిన టెడ్ విలియమ్స్ అన్న జవాబు ఇప్పుడు చెల్లదు. అమెరికన్, నేషనల్ లీగులలో అని అడిగితేనే చెల్లుతుంది.

1948తో గీత గీయడం మీదా ప్రశ్నలు ఉన్నాయి. ఆ తర్వాత నల్లజాతి స్టార్లు మేజర్ లీగ్ వైపు వెళ్లిపోవడంతో మిగిలిన లీగుల స్థాయి పడిపోయిందన్నది కారణం. అందుకే 1952లో ఇండియానాపోలిస్ క్లౌన్స్ జట్టుకు ఆడిన హ్యాంక్ ఆరన్ గణాంకాలు ఇందులో కలవలేదు. అతని హోమ్ రన్లు ఎప్పటిలాగే 755.